మామ్మల బల్ల

మనసు బరువు దించుతున్న జింబాబ్వే ముసలమ్మలు - మన అరుగుల మీద ఆ పని సాగుతుందా?

ఆసుపత్రి ఆవరణలో ఒక చెట్టు. చెట్టు కింద ఒక చెక్క బల్ల. బల్ల మీద ఒక మామ్మ. మెడలో గొట్టం లేదు, చేతిలో సూది లేదు. ఒళ్ళో కొన్ని కాగితాలు, ఒక పెన్సిలు, అంతే.

ఒక పడుచు తల్లి వచ్చి పక్కన కూర్చుంటుంది. నెల రోజులుగా కంటికి కునుకు లేదు. అన్నం సహించదు. చంటిది ఏడిస్తే ఎత్తుకోబుద్ధి కాదు. లోపల డాక్టరు గుండె చూశాడు, రక్తం చూశాడు, జబ్బేమీ లేదన్నాడు. నర్సు మాత్రం ఆమె ముఖం చూసి, "బయట బల్ల దగ్గరకు వెళ్ళమ్మా" అంది.

"చెప్పు తల్లీ, వింటున్నాను" అంటుంది మామ్మ.

ఇది మన జిల్లా ముచ్చట కాదు. సముద్రం అవతల, ఆఫ్రికా ఖండం దక్షిణాన ఉన్న జింబాబ్వే దేశపు ముచ్చట. రాజధాని హరారేలో 2006లో 14 మంది మామ్మలతో మొదలైన పని ఇది. ఇవాళ పేరున్న వైద్య కళాశాలల వాళ్ళు కూడా దాన్ని చూసి నేర్చుకుంటున్నారు. మన పల్లెలకూ పనికివచ్చే సంగతులు ఇందులో చాలా ఉన్నాయి.

బస్సు చార్జీ లేక పోయిన ప్రాణం

జింబాబ్వేలో కోటికి పైగా జనం. వారందరికీ కలిపి మానసిక వైద్యులు పది పన్నెండుమందికి మించి లేని రోజులవి. వారిలో ఒకరు డాక్టర్ డిక్సన్ చిబాండా. ఆయన హరారేలోని ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసేవారు.

2005 ప్రాంతంలో ఆయన దగ్గర వైద్యం చేయించుకుంటున్న ఒక యువతి ఆత్మహత్య చేసుకుంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఊరు నగరానికి 250 కిలోమీటర్ల దూరం. కబురు చెప్పిన తల్లిని డాక్టరు అడిగారు: "ఒంట్లో బాగాలేనప్పుడు నా దగ్గరకు తీసుకురమ్మన్నాను కదా, ఎందుకు తీసుకురాలేదు?" తల్లి చెప్పిన జవాబు ఒక్కటే. బస్సు చార్జీకి 15 డాలర్లు లేవు.

ఆ మాట డాక్టరును పట్టుకుని వదల్లేదు. తాను ఆసుపత్రి గదిలో కూర్చుని ఎంత మంచి వైద్యం చేసినా, చార్జీ లేని వాళ్ళకు అది అందదు. రోగి డాక్టరు దగ్గరకు రాలేకపోతే, వైద్యమే రోగి వీధిలోకి వెళ్ళాలి. కానీ పది పన్నెండుమంది డాక్టర్లు ఎన్ని వీధులు తిరగగలరు?

అదే 2005లో అక్కడి ప్రభుత్వం నగరాల్లో అనుమతి లేని ఇళ్ళను, బడ్డీ కొట్లను కూల్చివేయించింది. దాదాపు ఏడు లక్షల మంది ఇల్లో, బతుకుతెరువో, రెండూనో పోగొట్టుకున్నారని ఐక్యరాజ్య సమితి లెక్కకట్టింది. హరారేలో కూలీనాలీ చేసుకునేవాళ్ళు ఎక్కువగా ఉండే ఎంబారే పేటకూ ఆ దెబ్బ గట్టిగా తగిలింది. ఆ పేటలో మనసు చెదిరినవాళ్ళకు ఏదైనా చేయమని డాక్టర్ చిబాండాకు పై నుంచి మాట వచ్చింది.

గది లేదు, డబ్బు లేదు

మాట వచ్చింది గాని సాయం రాలేదు. ఆసుపత్రిలో గది ఇవ్వలేమన్నారు, ఉన్నవి రోగులతో నిండిపోయాయి. నర్సులను ఇవ్వలేమన్నారు, వాళ్ళకు ఊపిరి సలపడం లేదు. డబ్బు సంగతి ఎత్తనే లేదు. చివరకు దొరికింది 14 మంది మామ్మలు. అప్పటికే ఆ పేటలో ఆరోగ్య కార్యకర్తలుగా ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు. చదవడం రాయడం వస్తుంది, అంతకు మించిన పెద్ద చదువులు లేవు.

ముసలివాళ్ళతో ఈ పని ఎలా చేయిస్తానా అని మొదట్లో డాక్టరుకే నమ్మకం కుదరలేదట. పోగా పోగా తెలిసింది, ఆ పనికి వాళ్ళే తగినవాళ్ళని. వాళ్ళు ఆ వీధుల్లోనే కాపురం చేశారు. ఎవరి ఇంట్లో ఎవరు పోయారో, ఎవరి కొడుకు ఎక్కడికి వలస పోయాడో వాళ్ళకు తెలుసు. వాళ్ళూ బిడ్డలను పోగొట్టుకున్నవాళ్ళే, ఎయిడ్స్ మహమ్మారి తెచ్చిన చావులను కళ్ళారా చూసినవాళ్ళే. బదిలీ మీద వెళ్ళిపోయే ఉద్యోగులు కారు. పైగా షోనా భాష మాట్లాడే ఆ సమాజంలో మామ్మ మాటకు ఉండే గౌరవం వేరు.

పేరు పెట్టింది మామ్మలే

గది లేదు కనుక చెట్టు కింద బల్ల వేశారు. డాక్టరు దానికి "మానసిక ఆరోగ్యం బల్ల" అని పేరు పెట్టారు. ఒక్కరూ వచ్చి కూర్చోలేదు. కూర్చుంటే పిచ్చి ముద్ర పడుతుందని భయం. నలుగురూ నడిచే దారిలో ఆ ముద్ర వేయించుకోవడానికి ఎవరు సిద్ధపడతారు?

మామ్మలు ఆయనకు బుద్ధి చెప్పారు. ఆ పేరు తీసేయమన్నారు. "కూర్చుని ఆలోచనలు కలబోసుకునే బల్ల" అనే అర్థం వచ్చేలా తమ భాషలోనే ఒక పేరు పెట్టారు. లోకమంతా ఇప్పుడు దాన్ని "స్నేహపు బల్ల" అంటోంది. పేరు మారాక జనం రావడం మొదలైంది.

జబ్బు పేరు సంగతీ అంతే. వైద్య గ్రంథాల్లోని మాటలు వాడితే ఎవరికీ ఎక్కదని మామ్మలు తేల్చి చెప్పారు. షోనా భాషలో "కుఫుంగిసిస" అని ఒక మాట ఉంది. అతిగా ఆలోచించడం అని అర్థం. ఆ మాటనే ఖాయం చేశారు. మనకు మాత్రం మాటలకు కొదవా? ఒకచోట బెంగ అంటారు, ఒకచోట రంది అంటారు, మరొకచోట మనాది అంటారు. "మానసిక మాంద్యం" అంటే తెల్లబోయే మనిషి, "ఏమే, బెంగ పెట్టుకున్నావా?" అంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది.

పద్నాలుగు ప్రశ్నలు

మామ్మ ఒళ్ళో ఉన్న కాగితంలో 14 ప్రశ్నలు ఉంటాయి. ఈ వారం రోజుల్లో అతిగా ఆలోచించావా? నిద్ర పట్టకుండా ఉందా? చిన్నదానికే విసుక్కుంటున్నావా? ఏడవాలనిపించిందా? పీడకలలు వస్తున్నాయా? కడుపులో నొప్పిగా ఉంటోందా? పని వెనకబడుతోందా? చచ్చిపోవాలనిపించిందా? ఇలా ఉంటాయి. అవును, కాదు అని చెబితే చాలు. అవునన్నవి తొమ్మిదో, అంతకు మించో ఉంటే ఆ మనిషికి సాయం కావాలని గుర్తు.

ఈ ప్రశ్నల వెనుక మన దేశస్థుడి చేయి ఉండడం విశేషం. ముంబయిలో పుట్టిన డాక్టర్ విక్రమ్ పటేల్ 1990ల్లో హరారేలో పరిశోధన చేశారు. జనం తమ బాధను తమ భాషలో ఎలా చెప్పుకుంటారో విని, తోటివారితో కలిసి ఈ ప్రశ్నలను తయారుచేశారు. తరువాత ఆయన గోవాలో సంగాత్ అనే సంస్థ స్థాపకుల్లో ఒకరయ్యారు. డాక్టర్లు కానివారికి శిక్షణ ఇచ్చి దిగులు జబ్బుకు సాయం అందించవచ్చని ఆ సంస్థ గోవాలో చేసి చూపించింది.

ప్రశ్నలు అయ్యాక మాటలు మొదలవుతాయి. మొదటిసారి గంట దాకా పడుతుంది, తరువాత అంతసేపు పట్టదు. మొత్తం ఆరుసార్ల దాకా కూర్చుంటారు. పనిని మూడు మెట్లుగా చెబుతారు. మొదటిది మనసు తెరవడం, రెండోది పైకి లేపడం, మూడోది గట్టిపరచడం.

తీర్పు చెప్పని పెద్దమనిషి

మామ్మలు ముందుగా నేర్చుకోవలసింది నోరు కట్టుకోవడం. మన ఇళ్ళలో బాధ చెప్పుకుంటే ఏమంటారు? "సర్దుకుపోవే", "మేం పడలేదా", "దేవుడి మీద భారం వెయ్యి". చెప్పినవాళ్ళకు మంచి మాటే చెప్పామన్న తృప్తి ఉంటుంది. విన్నదానికి మాత్రం, ఇంక చెప్పి లాభం లేదని అర్థమవుతుంది. బల్ల దగ్గర అలాంటి మాటలకు చోటు లేదు.

ఆ పద్ధతి మన ఊళ్ళో అయితే ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ అనుకుందాం.

"మామ్మా, నాకు చచ్చిపోదామని ఉంది" అంది ఒక కోడలు పిల్ల.

మామ్మ కంగారుపడలేదు, కసరలేదు. "అంత కష్టం ఏమొచ్చిందే తల్లీ? మొదటినుంచీ చెప్పు" అంది.

పిల్ల చెప్పుకొచ్చింది. మొగుడు చెరువు కౌలుకు తీసుకుని రొయ్యలు వేశాడు, తెగులు వచ్చి పోయాయి. నగలు బ్యాంకులో ఉన్నాయి, వేలం వేస్తామని నోటీసు వచ్చింది. పిల్లవాడి బడి ఫీజు కట్టలేదు. అత్తగారు మాట్లాడడం మానేసింది. మొగుడు రాత్రిళ్ళు చెరువు గట్టు మీదే ఉండిపోతున్నాడు.

మామ్మ అన్నీ విని, ఆ పిల్ల చెప్పినవి వేళ్ళ మీద లెక్కపెట్టి తిరిగి చెప్పింది. "వీటిల్లో ఏది ముందు తేలితే నీకు కాస్త ఊపిరి ఆడుతుంది?" అని అడిగింది.

"నగల నోటీసు మామ్మా."

"దానికి ఏమేం చెయ్యొచ్చంటావ్?"

పిల్ల ఆలోచించింది. అన్నను అడగొచ్చు. దూడను అమ్మొచ్చు. బ్యాంకుకు వెళ్ళి వడ్డీ వరకు కట్టి గడువు అడగొచ్చు. మూడింటిలో మూడోది తన చేతిలో ఉన్న పని అనిపించింది.

"ఎప్పుడు వెళ్తావ్? నీ వెంట ఎవరొస్తారు?"

"సోమవారం. మా తోడికోడల్ని తీసుకెళ్తాను."

"సరే. మంగళవారం వచ్చి ఏమైందో నాకు చెప్పు. చచ్చిపోవాలన్న మాట మళ్ళీ మనసులోకి వస్తే మాత్రం మంగళవారం దాకా ఆగకు, అర్ధరాత్రైనా నా తలుపు కొట్టు. రేపు పొద్దున్న మనిద్దరం డాక్టరుగారి దగ్గరకు కూడా వెళ్దాం."

మామ్మ ఇక్కడ అప్పు తీర్చలేదు, అత్తగారిని మార్చలేదు. కుప్పగా కనిపించిన కష్టాల్లోంచి ఒక్కదాన్ని విడదీయించింది. దారి ఆ పిల్ల నోటితోనే చెప్పించింది. రోజు ఖాయం చేయించింది. ప్రాణం మీదకు వచ్చే మాట విన్నప్పుడు మాత్రం తన ఒక్కదాని మీదే పెట్టుకోలేదు, డాక్టరు దాకా నడిపించింది. హరారే మామ్మలకు నేర్పేది ఈ పద్ధతినే. ఆత్మహత్య ఆలోచన ఉన్నవాళ్ళను, చెవిలో మాటలు వినిపిస్తున్నాయనేవాళ్ళను పై వారికి అప్పగించాలని వారికి గట్టిగా చెబుతారు.

బల్ల దగ్గర పని అయిన ఆడవాళ్ళు తరువాత ఒక గుంపుగా కూర్చుంటారు. చేతులు కలిపి పట్టుకుందాం అనే అర్థం వచ్చే పేరు ఆ గుంపుకు. పారేసిన ప్లాస్టిక్ సంచులను దారాల్లా కత్తిరించి, అల్లిక సూదితో చేతిసంచులు అల్లుతారు. అల్లుతూ మాట్లాడుకుంటారు. సంచి అమ్మితే నాలుగు డబ్బులు వస్తాయి. బెంగకు సగం కారణం చేతిలో డబ్బు ఆడకపోవడమే అయినప్పుడు, ఆ నాలుగు డబ్బులు కూడా మందే.

లెక్కలు ఏమంటున్నాయి?

మామ్మలతో మాట్లాడితే మనసు తేలికపడుతుందని ఎవరైనా అంటారు. నిజంగా జబ్బు తగ్గుతుందా? దీన్ని తూకం వేసి చూశారు.

హరారే నగరంలో 24 ఆసుపత్రులను తీసుకున్నారు. సగం చోట్ల బల్ల పద్ధతి పెట్టారు. మిగతా సగం చోట్ల మామూలుగా చేసే వైద్యాన్నే కాస్త మెరుగుపరిచి ఇచ్చారు. మొత్తం 573 మంది రోగులు. ఎక్కువమంది ఆడవాళ్ళు. ఐదుగురిలో ఇద్దరికి హెచ్.ఐ.వి. కూడా ఉంది. ఆరు నెలల తరువాత చూస్తే, మామూలు వైద్యం అందినవారిలో నూటికి 50 మందికి మాంద్యం లక్షణాలు ఇంకా ఉన్నాయి. బల్ల మీద కూర్చున్నవారిలో నూటికి 14 మందికే ఉన్నాయి. 2016 డిసెంబరులో ఈ ఫలితాలను అమెరికా వైద్య సంఘం తన పత్రికలో ప్రచురించింది.

దాంతో బల్ల ఎల్లలు దాటింది. మలావీకి, జాంజిబార్ దీవికి, అమెరికాలో న్యూయార్క్ నగరానికి వెళ్ళింది. 2022లో కతార్‌లో ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ పోటీలు జరిగినప్పుడు, ఆడిన 32 జట్లకు గుర్తుగా 32 బల్లలు వేశారు. డబ్బున్న దేశాలు పేద దేశాలకు నేర్పడం మామూలు. ఈ ఒక్క విషయంలో ఎంబారే మామ్మలు న్యూయార్కుకు నేర్పారు.

ముసలివాళ్ళతో చెప్పుకోలేని సంగతులు పడుచువాళ్ళకు ఉంటాయి గదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. అందుకే విద్యార్థుల కోసం విద్యార్థులకే ఈ శిక్షణ ఇచ్చే పని కూడా ఆ సంస్థ పెట్టుకుంది. వాళ్ళూ ఎక్కేది మామ్మలు ఎక్కించిన ఆ మూడు మెట్లే.

మన ఊళ్ళో?

మన వైపూ ఇలాంటి ప్రయత్నం జరగకపోలేదు. ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఒక పరిశోధన చేశారు. వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి, చేతిలోని టాబ్లెట్టులో చూసి ప్రశ్నలు అడిగారు. దిగులు, ఆత్మహత్య ఆలోచన ఉన్నవాళ్ళను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరకు పంపారు. మనసు జబ్బు సిగ్గుపడవలసింది కాదని ఊళ్ళలో ప్రచారం చేశారు. తరువాత హర్యానా పల్లెలను కూడా కలుపుకుని 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో పెద్ద ఎత్తున చేసి చూశారు. దిగులు తగ్గిందని 2024లో ఫలితాలు వెలువడ్డాయి.

అంటే ఈ నేల మీదా ఇది పండే పంటే. కానీ ఆశా కార్యకర్త ఒక్కతే. గర్భిణీల లెక్క ఆమెదే, టీకాల లెక్క ఆమెదే. మామ్మలో? ప్రతి వీధిలోనూ ఉన్నారు. కొడుకులు హైదరాబాదులో, కోడళ్ళు అమెరికాలో, తాము అరుగు మీద. "మేమింక ఎందుకు పనికొస్తాం" అని వాళ్ళకూ ఒక బెంగ. వారం వారం కూర్చునే అలవాటు డ్వాక్రా సంఘాల పుణ్యమా అని మన ఆడవాళ్ళకు ఏనాటినుంచో ఉంది. పొదుపు లెక్క చూసుకునే చోటే, "ఈ వారం నిద్ర పడుతోందా?" అని కూడా అడగవచ్చు.

అయితే ఒక చిక్కుంది. దాన్ని దాచి లాభం లేదు. మన అరుగు విన్న మాటను కడుపులో దాచుకోదు. పొద్దున్న చెప్పింది సాయంత్రానికి నీళ్ళ ట్యాంకు దగ్గర వినిపిస్తుంది. కోడలి బాధ వినే మామ్మ, ఆ అత్తగారికి వేలువిడిచిన చెల్లెలు కూడా అయి ఉంటుంది. కులం పట్టింపు ఉండనే ఉంది. ఏ వీధి పిల్ల ఏ వీధి అరుగు ఎక్కగలదు? హరారేలో బల్లను ఆసుపత్రి ఆవరణలో వేయడంలో ఉన్న లాభం ఇదే. అది ఎవరి గుమ్మమూ కాదు, అందరూ వచ్చే చోటు. మన దగ్గరా పెడితే ఆరోగ్య కేంద్రం చెట్టు కిందే పెట్టాలి. విన్నది బయటపెట్టనని మామ్మ చేత మాట తీసుకోవాలి. ఆమె మనసుకు బరువైనప్పుడు దించుకోవడానికి ఆమెకూ ఒక మనిషి ఉండాలి. శిక్షణ, అజమాయిషీ లేకుండా ఒట్టి బల్ల వేస్తే అది మరో రచ్చబండ అవుతుంది.

అంతవరకు ఆగలేనివారికి

ఇవన్నీ జరిగేవరకు బాధ ఆగదు కదా. కనుక తెలిసి ఉండవలసినవి కొన్ని ఉన్నాయి.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో "టెలీ మానస్" అనే ఫోను సహాయం పెట్టింది. నెంబరు 14416. పగలైనా రాత్రైనా చేయవచ్చు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. పేరు ఊరు చెప్పుకోవడానికి ఇష్టం లేనివాళ్ళకు ఇది మంచి దారి.

ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవాళ్ళను ఆసుపత్రికి తీసుకువెళితే కేసు పెడతారని భయపడి కొందరు ఇంట్లోనే ఉంచేస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. వైద్యం, సంరక్షణ ఇప్పించే బాధ్యత ప్రభుత్వానిది. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఇంట్లో ఎవరైనా చావు మాట ఎత్తితే ఊరికే బెదిరిస్తున్నారని కొట్టిపారేయకూడదు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది వట్టి అపోహ. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నెమ్మదిగా అడగవచ్చు. ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. పురుగుమందు డబ్బాలను ఆ ఇంట్లోంచి తీసేసి, తాళం పడే చోట పెట్టాలి. ఆ ఒక్క ఘడియ దాటితే చాలామంది మళ్ళీ బతుకువైపే తిరుగుతారు.

ఇక బల్ల సంగతి. దానికి కావలసినవి మూడు: నీడనిచ్చే చెట్టు, రెండు పలకలు, విన్నది కడుపులో దాచుకునే మామ్మ. మొదటి రెండూ ఏ ఊళ్ళో అయినా దొరుకుతాయి. మూడోదాన్ని మాత్రం ఊరే ఎంచుకోవాలి. మీ వీధిలో మీ రహస్యం ఎవరికి చెబితే బయటకు పొక్కదో ఒక్కసారి ఆలోచించండి. తట్టిన పేరు ఒక్కటైనా ఉంటే, ఆ మామ్మ చెవిన ఈ మాట వేయండి.